కాలనీ వీధి కాదు

మా కాలనీకి ట్యాంకరు ఎట్ల వచ్చిందో మావాళ్లు మూడు రకాలుగా చెప్పుకుంటున్నారు. నా కోడలు కంప్యూటరులో ఏదో మాయ చేసి తెచ్చిందని కొందరు. నేను ఆఫీసుకు పోయి అధికారి మీద అరిస్తే భయపడి పంపినాడని కొందరు. ప్రార్థన వల్ల వచ్చిందని పాస్టరుగారు. ప్రార్థన చేసిన మాట నిజమే, నేనూ చేసినాను. తక్కిన రెండూ అబద్ధం. మాయా లేదు, అరుపూ లేదు. జరిగేటప్పుడు నేను పక్కనే ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. నాకు నలభై ఏడో ఏట అక్షరాలు వచ్చినాయి. ఇప్పటికీ రాత నిదానం. ఒక పేజీ నిండేసరికి నడుం పట్టుకుంటుంది. అందుకని అక్కరలేని మాట రాసే ఓపిక నాకు లేదు.

మా ఊరు మార్కాపురం నుంచి యర్రగొండపాలెం పోయే రోడ్డుకు లోపల పక్క. ఊరు అవతల, మధ్యలో వాగు, ఇవతల కాలనీ. వాగు అనడమే గాని అందులో నీళ్లు చూసి చాలా కాలమైంది. కాలనీలో అరవై ఇళ్లు. అందరం చర్చికి పోయేవాళ్లమే, అందరం కూలికి పోయేవాళ్లమే. బోరు నీళ్లు తాగితే పళ్లు గారపడతాయి, మోకాళ్లు వంగవు. ఎండలు ముదిరితే ఆ బోరూ గాలి కక్కుతుంది. ఇంక ట్యాంకరే దిక్కు.

ట్యాంకరు ఊళ్లో సిమెంటు తొట్టిలో పోసి పోయేది. మేము బిందెలు తీసుకుని వాగు దాటి పోయి నిలబడేవాళ్లం. ఊళ్లోవాళ్లు పట్టుకున్నాక మిగిలింది మాకు. ఈ మాట చెప్తే ఎవరో మమ్మల్ని కొట్టినారనో తిట్టినారనో అనుకుంటారు. అదేం లేదు. "ఉండండమ్మా, ఇంకో రెండు బిందెలు" అనేవాళ్లు, అంతే. ఆ రెండు బిందెలు తెగేవి కావు. తొట్టి అడుక్కు పోయినాక అడుగున మట్టి తేలిన నీళ్లు గుడ్డలో వడగట్టుకుని తెచ్చుకునేవాళ్లం. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస.

ట్యాంకరు కాలనీకి వచ్చిన ఏడు నీళ్ల ఆఫీసుకు కొత్త అధికారి వచ్చినాడు. చిన్న వయసు, మంచి చొక్కా, మాట తక్కువ. ఇంక మీదట ఎవరికి నీళ్లు కావాలన్నా ఫోనులోనే అడగాలన్నాడు. ఇంటికి రోజుకు ఒకసారి నొక్కొచ్చు. రెండు వారాలు చూస్తాడు. ఏ పేరు మీద ఎన్ని విన్నపాలు వచ్చినాయో చూసి ట్యాంకర్లు పంచుతాడు. ఆ పట్టీలో మా కాలనీ పేరు విడిగా వేసినాడు. అట్ల విడిగా వేయడం అదే మొదలు. రెండు వారాల్లో కాలనీ పేరు మీద విన్నపాలు వస్తే వానలు పడేదాకా కాలనీకే ఒక ట్రిప్పు. రాకపోతే ఎప్పటిలాగే ఊరి తొట్టి. ఈ సంగతి చర్చిలో చదివి వినిపించినారు. ఆ వారం మా వాళ్లు వాక్యం కన్నా ఈ కాగితాన్నే శ్రద్ధగా విన్నారు.

ఆ ఫోను పేజీ తయారు చేసింది మార్కాపురంలో ఒక చిన్న కంపెనీ. అందులో నా కోడలు పని చేస్తుంది, ఆ పేజీ రాసింది ఆమే. గిద్దలూరు పక్క పిల్ల, కంప్యూటరు చదువు చదివింది. నా రెండో కొడుకు రాళ్ల లారీ తోలుతాడు. వారంలో ఐదు రోజులు రోడ్డు మీదనే ఉంటాడు. కాబట్టి ఇంట్లో ఉండేది నేనూ ఆమే. మొదటి ఏడాది మా ఇద్దరికీ పడలేదు. ఆమె కూరలో కారం తక్కువ, నా నోట్లో కారం ఎక్కువ. తర్వాత తర్వాత ఇద్దరం సర్దుకున్నాం.

నువ్వు చేసే పని ఏందో నాకు చెప్పమని ఒకసారి అడిగినాను. ఫోనులో ఎవరన్నా ఏదన్నా నొక్కితే ఒక అడ్రసు బయలుదేరి వస్తుందంట. మన ఉత్తరం మీద రాసినట్టే, ముందు ఏ పని, తర్వాత ఏ ఊరు, తర్వాత ఏ వీధి, మధ్యలో ఏటవాలు గీతలు. అది సర్వరు అనే ఇంకో కంప్యూటరు దగ్గరికి పోతుంది. ఇట్లాంటి అడ్రసు వస్తే ఈ పని చెయ్యి, అట్లాంటిది వస్తే ఆ పని చెయ్యి అని దానికి ముందే రాసిపెట్టాలి. ఆ రాతలను రౌట్లు అంటారు. రాసే భాష జావాస్క్రిప్టు. అట్లాంటి రౌట్లు రోజంతా రాయడమే తన పని అన్నది. ఆ సర్వరు ఎక్కడుంటుందని అడిగితే ఎక్కడో బొంబాయిలో అన్నది. మన నీళ్లు అడగడానికి బొంబాయి పోవాల్సి వచ్చిందే అన్నాను. ఆమె నవ్వింది.

మొదటి రోజు నుంచీ కాలనీలో అందరూ నొక్కినారు. మా పక్కింటి వదిన తెల్లారి మేకల్ని విప్పకముందే నొక్కేది. ఆమెకు ఫోను కొడుకు కొనిచ్చినాడు. అప్పటిదాకా అది మాట్లాడుకోవడానికే. నొక్కినాక "మీ విన్నపం అందింది" అని పచ్చటి అక్షరాలు వచ్చేవి. వదినకు చదవడం రాదు. పచ్చగా కనబడితే చాలు, అందినట్టే. నేను మాత్రం ప్రతిసారీ చదువుకునేదాన్ని. అందింది అని రాసి ఉంటే నమ్ముతాం గదా. అచ్చులో ఉన్న మాటను అనుమానించే అలవాటు నాకు ఇంకా రాలేదు.

పది రోజులు అట్ల గడిచినాయి. నా కోడలికి ఈలోగా కంపెనీవాళ్లు వేరే పని ఇచ్చినారు, ఒక కాలేజీ పేజీ. నీళ్ల పేజీ వంక చూసే తీరిక లేదు. పదో రోజు నీళ్ల ఆఫీసు నుంచి కంపెనీకి ఫోను వచ్చింది. మీ పేజీ బాగుంది, ఊరివాళ్లు బాగా వాడుకుంటున్నారు, ఆ కాలనీవాళ్లకే ఆసక్తి లేనట్టుంది, ఒక్కటంటే ఒక్కటి రాలేదు, కాలనీ ట్రిప్పు తీసేస్తాం అని.

ఆమె సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే ఈ మాట చెప్పింది. అన్నం పెడితే కెలికి వదిలేసింది. కాలనీ అన్న చోట సున్న ఉందత్తా అన్నది. అరవై ఇళ్లు, పది రోజులు, సున్న. నేను నొక్కినవి కూడా లేవు. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

మరుసటి రోజు సెలవు పెట్టి ఇల్లిల్లూ తిరిగింది. మావాళ్లు ఏదన్నా తప్పుగా నొక్కుతున్నారేమోనని ఆమె అనుమానం. వదిన ఇంటికి పోయి, నొక్కి చూపించు పెద్దమ్మా అని అడిగింది. వదినకు కోపం వచ్చింది.

"దినామూ వంద మేకల్ని లెక్కపెట్టి తోలుకొస్తాన్నా, ఒక్క బటను నొక్కలేనా? నీ పేజీకే కళ్లు లేవేమో చూసుకోపో."

నా కోడలు వచ్చేసింది. నిజానికి వదిన సరిగ్గానే నొక్కింది. అందరూ సరిగ్గానే నొక్కినారు. ఆమె సిగ్నలు చూసింది, ఫోన్లు చూసింది, విన్నపాలు దాచే పెట్టె ఏదో ఉందంట, దాన్నీ చూసింది. కాలనీ కోసం తను రాసిన పనిని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు చదివింది. అందులో తప్పేమీ లేదు. మొదట రాసినప్పుడు నొక్కి చూసినాను అత్తా, అప్పుడు పని చేసింది అని పది సార్లు అన్నది.

ఆదివారం ఆరాధన అయినాక, మధ్యాహ్నం పంచలో మంచం వేసుకుని కంప్యూటరు తెరిచింది. నేను పక్కన కూర్చున్నాను. నాకేం అర్థం కాదు గాని, మనిషి ఒక్కతే అట్ల కూర్చుని గోళ్లు కొరుక్కుంటుంటే చూడబుద్ధి కాలేదు. ఏం చేస్తున్నావో పైకి చెప్తా చెయ్యి, అన్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది అట్లే. పాస్టరమ్మ నన్ను పైకి చదవమనేది, మనసులో చదవనిచ్చేది కాదు. మనసులో చదివితే రాని అక్షరాన్ని దాటేసి పోతామనేది.

ఆమె చెప్తా చేసింది. కాలనీ పనిలో మొట్టమొదట ఒక చిన్న ముక్క రాసింది. విన్నపం దాని దాకా వస్తే "వచ్చింది" అని తెర మీద కనబడాలి. రాసి, నా ఫోను తీసుకుని కాలనీ పేరు నొక్కింది. ఫోనులో పచ్చగా "మీ విన్నపం అందింది" అని వచ్చింది. తెర మీద ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే.

అయితే ఫోను అబద్ధం చెప్తాందా అని అడిగినాను. లేదత్తా, ఎవరూ తీసుకోకపోతే అందింది అనదు, దొరకలేదు అంటుంది, ఎవరో తీసుకున్నారు, అన్నది. ఆ మాట తనే అని, తనే ఆగిపోయింది.

నాకు అప్పుడు పలకల ఫ్యాక్టరీ గుర్తుకొచ్చింది. నేను మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు పని చేసినాను. కోసిన రాళ్లను ఏరే బల్ల దగ్గర ఆడవాళ్లం వరసగా కూర్చునేవాళ్లం. రాయి ఒకరి ముందు నుంచి ఒకరి ముందుకు జరుగుతా పోతుంది. ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకోవాలి. ఒకసారి ఎక్కడి నుంచో చిన్న సైజు కావాలని వచ్చింది, చార లేని రాయి, నున్నగా ఉండాలి. అది ఏరే పని నాకిచ్చి మేస్త్రీ నన్ను వరస చివర కూర్చోబెట్టినాడు. కొత్త పని గదా, చివర పెడదామనుకున్నాడు. నాకు ముందు కూర్చున్న ఆమె పని, పగలని రాయి ఏదైనా సరే తీసుకోవడం. ఆమె తీసుకుంది. ఆమె తప్పేం లేదు, ఆమెకు చెప్పింది అదే. సాయంత్రం దాకా నా ఒళ్లో ఒక్క రాయి పడలేదు. మేస్త్రీ వచ్చి ఖాళీ ఒడి చూసి, నిద్రపోయినావా అని అందరి ముందూ తిట్టినాడు. మరుసటి రోజు నేను ఎవర్నీ అడగకుండా పోయి ఆమెకు ముందు కూర్చున్నాను. నాకు కావాల్సినవి తీసుకుని తక్కినవి ఆమె వైపు తోసినాను. ఆ రోజు తట్ట నిండింది. మేస్త్రీ ఏమీ అనలేదు. తప్పు తనదని తెలిసినా అనే రకం కాదు.

ఈ సంగతి నా కోడలికి చెప్పి, నీ కాలనీ పనికి ముందు ఎవరు కూర్చున్నారో చూడు, అన్నాను.

ఆమె తెర పైకి జరిపింది. నన్ను వేలు పెట్టి చూడమన్నది. అడ్రసులు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నా మాటలు తెలుగువే, కూడబలుక్కుంటే నాకూ వచ్చినాయి. నీళ్లు, గీత, ఊరు, గీత, వీధి. దాని కింద నీళ్లు, గీత, ఊరు, గీత, కాలనీ. అట్లా రాసిన ఒక్కో వరసను కూడా ఆమె గీత అనే అంటుంది. పై గీతలో ఊరు అనే మాటకూ వీధి అనే మాటకూ ముందు రెండేసి చుక్కలున్నాయి, ఒకదాని మీద ఒకటి. కింద గీతలో ఊరికి చుక్కలున్నాయి గాని కాలనీకి లేవు. ఆ చుక్కలేందని అడిగినాను.

చుక్కలుంటే ఆ చోట ఏ పేరొచ్చినా సరే అని అర్థమంట. చుక్కలు లేకపోతే ఆ అక్షరాలే రావాలి, ఇంకోటి రాకూడదు. సర్వరు పై నుంచి కిందికి చూస్తా వస్తుంది. ఏది ముందు సరిపోతే దాని చేతిలో పెడుతుంది. అది తీసుకుని జవాబు చెప్పేస్తే అక్కడితో సరి, కిందికి రాదు. ఇది నాది కాదు, తర్వాతవాళ్లు చూడండి అని తోసేయడానికి నెక్స్టు అనే మాట ఒకటుందంట. అది రాస్తేనే తోస్తుంది. పై గీతలో అది రాయలేదు.

"అయితే కాలనీ అనే మాట వస్తే పై గీత ఏమనుకుంటుంది?" అని అడిగినాను.

ఆమె రెండు గీతల మీదా వేలు పెట్టి మళ్లీ చదివింది.

"వీధి అనుకుంటుంది అత్తా. కాలనీ అనే పేరున్న వీధి."

సంగతి ఏందంటే, ఆమె మొదట రాసినప్పుడు వీధుల గీత లేదు. ఊరు, కాలనీ, రెండే. అప్పుడు నొక్కి చూస్తే పని చేసింది. రెండు వారాలు మొదలయ్యే రోజు పొద్దున ఊరి పెద్ద ఆఫీసుకు పోయి, మా ఊళ్లో ఏ వీధి నుంచి అడిగినారో కూడా తెలియాలి సార్ అన్నాడు. సరే అని వీధుల గీత కలపమన్నారు. ఆమె ఆ హడావుడిలో కలిపింది. కలిపి, కొత్తదాన్ని మాత్రం నొక్కి చూసింది. పాతది ముందే చూసినాను గదా అనుకుంది.

కింద రాయకుండా పైన ఎందుకు కలిపినావు అని అడిగినాను.

"ఊరు గదత్తా. ఊరివన్నీ అయినాక కాలనీ."

ఆదివారం తర్వాత సోమవారం అన్నట్టే చెప్పింది. నేను తిట్టాలని నోరు తెరిచి మూసుకున్నాను. రేషను పట్టీలో అట్లే ఉంటుంది. ఓట్ల పుస్తకంలో అట్లే ఉంటుంది. పింఛను పిలిచేటప్పుడు అట్లే పిలుస్తారు. ఊరి పేర్లు అయిపోయినాకే మా పేర్లు. ఎవరూ ఆమెను అట్ల రాయమని చెప్పలేదు. కాలనీ కోడలే, కాలనీ నీళ్ల కోసమే రాస్తా, చెయ్యి దానంతట అది ఊరిని పైన పెట్టింది. నా చేతికి ఇచ్చి ఉంటే నేనూ అట్లే రాసేదాన్ని.

కాలనీ పని ఉన్న నాలుగు గీతలు కత్తిరించి వీధుల గీతకు పైకి ఎక్కించింది. ఎక్కించి నా ఫోనులో నొక్కింది. తెర మీద "వచ్చింది" అని పడింది. ఇంకోసారి నొక్కింది, ఇంకోసారి పడింది. ఊళ్లో వీధులు కూడా నొక్కి చూసింది, అవీ వాటి చోటికి పోయినాయి. ఏ పేరైనా సరే అనేది కిందికి పోవాలి, పేరు గట్టిగా చెప్పేది పైన ఉండాలి అని తనకు తాను చెప్పుకున్నట్టు అన్నది. ఇది మొదటి పాఠాల్లోనే చెప్తారంట. నాకు సిగ్గుగా ఉందత్తా అన్నది.

అప్పటికి సగమే అయింది. ఇన్ని రోజులవీ ఎక్కడికి పోయినాయి? చూస్తే ఊరి లెక్కలో ఉన్నాయి, కాలనీ వీధి అన్న పేరుతో. మావన్నీ కలిసి ఊరి లెక్క ఉబ్బింది. వీధులు చూడకుండా ఆ మొత్తమే చూసి అధికారి ఊరికి రెండో ట్రిప్పు కూడా ఇద్దామని రాసి పెట్టుకున్నాడు. మేము నొక్కిన నొక్కుడుకు ఊరికి ఇంకో ట్యాంకరు వస్తాంది.

ఒక్క ముక్క రాస్తే అవన్నీ కాలనీ కిందికి మారిపోతాయని ఆమె చెప్పింది. మారినట్టు ఎవరికీ తెలియదు. పొద్దున్నే ఆఫీసులో పట్టీ తెరిస్తే సున్న ఉన్న చోట ఐదు వందల పైచిలుకు ఉంటుంది. ఆమె వేళ్లు ఆ పని చేయడానికి తయారుగా ఉన్నాయి.

నేను వద్దన్నాను. నిన్నటిదాకా సున్న ఉన్న చోట ఈ రోజు ఐదు వందలు కనబడితే ఎవరన్నా అడగరా? అడిగితే, ఈ పేజీ రాసింది కాలనీ కోడలు, వాళ్ల లెక్క వాళ్లే ఎక్కించుకున్నారంటారు. నిజం లెక్కను మనమే దొంగలెక్క చేసుకున్నట్టు అవుతుంది. పోయి తప్పు ఇట్ల జరిగిందని చెప్పు అన్నాను.

"తప్పు నాదని చెప్తే నన్ను పనిలో ఉంచుతారా?" అన్నది.

"ఉంచకపోతే ఇంట్లో ఉంటావు. దానికేముంది?"

అట్ల అని ఉండకూడదు. పోయేది ఆమె ఉద్యోగం, నాది కాదు. ఇరవై ఆరేళ్లు బల్ల దగ్గర కూర్చున్నదాన్ని, ఆ పని పోతే ఎట్లుంటుందో నాకు తెలియదా? తెలిసి కూడా నోరు జారింది. ఆమె కంప్యూటరు మూసి లోపలికి పోయింది. పొద్దుగూకేదాకా నాతో మాట్లాడలేదు. నేను కూడా సర్ది చెప్పలేదు, నాకు అది చేతకాదు. టీ పెట్టి గ్లాసు ఆమె పక్కన పెట్టి వచ్చినాను.

చీకటి పడకముందే తనే బయటికొచ్చి కంపెనీ యజమానికి ఫోను చేసింది. నేను వింటుండగానే చేసింది. నా తప్పే సార్, గీతలు తారుమారు రాసినాను, సరి చేసినాను, ఆఫీసుకు పోయి చెప్తాను అన్నది. అవతల ఆయన చాలా సేపు అరిచినాడు. చివరకు, నువ్వే పోయి నువ్వే చెప్పుకో అని పెట్టేసినాడు. ఉద్యోగం తీసేసినానని మాత్రం అనలేదు. ఈ రోజుకూ అక్కడే పని చేస్తాంది.

సోమవారం ఇద్దరం బస్సెక్కి మార్కాపురం పోయినాము. నన్ను రమ్మని ఆమె పిలవలేదు, నేనే చీర మార్చుకుని వెనక నడిచినాను. ఆఫీసులో ఊరి పెద్ద అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రెండో ట్రిప్పు కాగితం కోసం వచ్చినాడు. నాకన్నా చిన్నవాడు, అయినా అందరూ అన్నా అంటారు కాబట్టి నేనూ అంటాను.

నా కోడలు నిలబడే చెప్పింది.  అధికారి రెండు మాటల తర్వాత, నాకు ఈ సాంకేతికం అంతా అర్థం కాదమ్మా అన్నాడు. అయితే మీ ఫోను ఇవ్వండి సార్ అని అడిగింది. కంప్యూటరు బల్ల మీద పెట్టి, పరీక్షకని వేరే నకలు చేసి ఉంచిందంట, అందులో గీతల్ని పాత వరసలో పెట్టి ఆయన ఫోనులోనే కాలనీ పేరు నొక్కించింది. అది ఊరి లెక్కలో పడింది. మళ్లీ వరస మార్చి నొక్కించింది. కాలనీలో పడింది. ఆయన ఇంకోసారి తనే నొక్కి చూసుకున్నాడు.

"ముందే చెప్పి ఉండాల్సింది గదమ్మా."

"ముందే తెలిస్తే చెప్పేదాన్ని సార్."

ఊరి పెద్ద కుర్చీలో కదిలినాడు. కాలనీ అంటే మా ఊరిది కాదా సార్, వేరు చేసి చూపించడం దేనికి అన్నాడు. తర్వాత నా వైపు తిరిగినాడు.

"ఏందక్కా, నీళ్లు పట్టుకోవద్దని మేము ఎప్పుడన్నా అన్నామా?"

"అనలేదన్నా. మీరు పట్టుకున్నాక పట్టుకోమన్నారు."

 నేను గొంతు పెంచి అనలేదు. అరిచినానని చెప్పుకునేవాళ్లు ఈ ముక్క చదువుకోవాలి.

పాత రోజుల లెక్క ముట్టుకోనన్నాడు అధికారి. అటు మార్చినా తంటా, ఇటు ఉంచినా తంటా, దాన్ని పక్కన పెడతానన్నాడు. ఆదివారం గీతలు సరిచేసినారు కాబట్టి సోమవారం నుంచి నాలుగు రోజులు కొత్తగా చూస్తాడు. ఆ నాలుగు రోజుల్లో కాలనీ నుంచి వస్తే ట్రిప్పు ఇస్తాడు, రోజు విడిచి రోజు. ఊరికి రెండో ట్రిప్పు మాట అప్పటిదాకా ఆపుతాడు. రోజూ ఇవ్వండి సార్ అని నేను అడిగినాను. మీరు నొక్కితే విన్నపాలు పెరుగుతాయి గాని ట్యాంకర్లు పెరగవు అవ్వా అన్నాడు. 

తిరిగి వచ్చేటప్పుడు ఊరి పెద్ద కూడా మా బస్సే ఎక్కినాడు. ముందు సీటులో కూర్చుని కొంత దూరం పోయినాక వెనక్కి తిరిగి, అయితే మా రెండో ట్రిప్పు పోయినట్టే అన్నాడు. అది మీది కాదు గదన్నా అన్నాను. ఆయన నవ్వనూ లేదు, కోప్పడనూ లేదు. కిటికీ వైపు తిరిగినాడు. మేము దిగేటప్పుడు నా కోడలి కంప్యూటరు సంచి తగులుకుంటే విడిపించి ఇచ్చినాడు.

ఆ నాలుగు రోజులూ కాలనీలో ఎవరికి చెప్పాల్సిన పని లేకపోయింది. వదిన రోజుకు మూడుసార్లు నొక్కేది. రెండోసారి నొక్కితే ఎర్ర అక్షరాలు వస్తున్నాయి, ఏమని రాసుంది చూడమని నా దగ్గరికి తెచ్చేది. ఈ రోజుకు అడిగేసినారు, రేపు అడగండి అని రాసుంది వదినా అంటే, రేపటిది ఈ రోజే తీసుకోమను, రేపు మేకలు దూరం పోవాలి అనేది. నా కోడలు పొద్దున, సాయంత్రం పట్టీ తెరిచి చూసేది. కాలనీ పేరు పక్కన అంకె పెరుగుతా ఉంటే నాకు చదివి వినిపించమనేదాన్ని. ఆమె చదివినాక నేను కూడా వంగి చూసుకునేదాన్ని.

నాలుగో రోజు ఆఫీసు మూసే వేళకు ఫోను వచ్చింది. రోజు విడిచి రోజు, వానలు పడేదాకా. శనివారం మొదటి ట్రిప్పు.

శనివారం చర్చి ముందు అరవై డ్రమ్ములు వరసగా పెట్టినాం. రంగు డ్రమ్ములు, తుప్పు డ్రమ్ములు, ఒకామె పెండ్లికి కొన్న వంట గుండిగ తెచ్చి పెట్టింది. ట్యాంకరు వాగు దిగి ఎక్కి మా వైపే వచ్చింది. డ్రైవరు దిగి పైపు భుజాన వేసుకుని మా అందర్నీ చూసి, ఎటు పక్క నుంచి పట్టమంటారు అని అడిగినాడు.

 ఎటు నుంచి పట్టాలని అంతకు ముందు మమ్మల్ని ఎవరూ అడిగింది లేదు. అడుగుతారని మేము అనుకోలేదు, దాని గురించి మాట్లాడుకోలేదు. తర్వాత ఒక్కసారిగా అందరూ మాట్లాడినారు. చర్చి పక్క నుంచి అని ఇటువాళ్లు, వాగు పక్క నుంచి అని అటువాళ్లు. వదిన తన డ్రమ్మును ఎత్తుకుని పోయి ముందు పెట్టింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు ఎత్తుకున్నారు. నా కోడలు మధ్యలో నిలబడి వరసగా ఉండండి పెద్దమ్మా, వరసగా అంటే, వరస సంగతి నువ్వు చెప్పొద్దులే అన్నది వదిన. అందరూ నవ్వినారు, నా కోడలు కూడా. డ్రైవరు ఇంజను ఆపేసి, తేల్చుకున్నాక పిలవండని చర్చి అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు.

తేలేసరికి అరగంట పట్టింది. వాగు పక్క నుంచి పట్టినారు. మా డ్రమ్ముకు ముప్పావు వచ్చింది. ఆ నీళ్లలో మట్టి లేదు, గుడ్డ అవసరం లేకపోయింది.